పిట్ట కోసం వేసిన మాటు

మాటు అనే మాటకు జమ్మలమడుగు వైపు ఒకటే అర్థం మిగిలింది. ఒక మనిషి వచ్చే దారిలో ఇంకో మనిషి కంప చాటున పొంచి కూర్చోవడం. కముజు పిట్టలకు మాటు వేసే కాలం ఎప్పుడో పోయింది. పార్టీల కక్షలు ముదిరాక ఊరూరా మనుషులకే వేశారు. హుమాయున్ ఆ మాటకున్న పాత అర్థాన్ని కువైట్ పోయి నేర్చుకొచ్చాడు. అదే కొంప ముంచింది. మునిగింది అతని కొంప కాదు, నాకు మండేది అక్కడే.

కువైట్ పోకముందు హుమాయున్ జమ్మలమడుగులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో స్టూడియోకు పెళ్లివాళ్లకంటే పోలీసులే ఎక్కువ వచ్చేవారు. ఏ వంకలోనో ఏ శనగచేలోనో శవం పడి ఉంటుంది, పంచనామాకు ఫోటో కావాలి. జీపెక్కి పోవాలి. బాంబు తగిలిన ముఖాన్ని కూడా గుర్తుపట్టేటట్టు తీయాలి. ఇంటికొచ్చి కూర్చుంటే అన్నం గొంతు దిగేది కాదు. "శవాల ఫోటోలు తీసే చేతికి పిల్లనెవురిస్తార్రా" అని తల్లి అమీనాబీ ఏడ్చి మొత్తుకుని, కువైట్‌లో ఉన్న అల్లుడి కాళ్లావేళ్లా పడి అతనికి వీసా తెప్పించింది.

అక్కడ ఒక ముసలాయన ఇంట్లో డ్రైవరు పని. ఆయనకు పిట్టల పిచ్చి. తెల్లారకముందే కారు తీయించి సముద్రపొడ్డుకో, ఎడారిలో నీళ్లున్న తోటలకో పోయేవాడు. పచ్చగుడ్డతో చిన్న గుడారం కట్టి, అందులో దూరి, కెమెరా గొట్టం ఒక్కటి బయటికి పెట్టి, గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాడు. మా ఊళ్లో ఇట్లా కూర్చుంటే నిన్ను బతకనిస్తారా తాతా అని హుమాయున్ లోపల నవ్వుకునేవాడు. కానీ బురదలో ముక్కు తలకిందులుగా పెట్టి తినే రాజహంసలను ఆ గొట్టంలోంచి ఒకసారి చూశాక, ఆ పిచ్చి అతనికీ అంటుకుంది. వసంతంలో వలస పిట్టలు దిగినప్పుడు ముసలాయన ఒకదాన్ని చూపించాడు. ఒళ్లు ఇటుకపొడి రంగు, రెక్కల మీద నలుపూ తెలుపూ పట్టీలు, తలమీద విసనకర్రలా విచ్చుకునే జుట్టు. హుద్‌హుద్. మన దగ్గర సగంమంది దాన్ని వడ్రంగి పిట్ట అనుకుంటారు. "ఖురాన్‌లో సులేమాన్ నబీకి నిజమైన కబురు మోసింది ఇదే" అన్నాడు ముసలాయన. ముసలాయన కెమెరా ఇచ్చి తీయమంటే, హుమాయున్ దాన్ని చూస్తూ మొదట నొక్కడమే మరిచిపోయాడు. తన కెమెరా ముందు ఒకటి ప్రాణంతో కదలడం అతనికి అంత కొత్త.

వేసవి దాటాక ముసలాయనకు కళ్లు మసకబారాయి. కెమెరాను హుమాయున్‌కు ఇచ్చేసి, పొమ్మన్నాడు. తొంభైతొమ్మిది ఎలక్షన్లు అయిన చలికాలానికి అతను ఇల్లు చేరాడు. "అందరి కొడుకులూ కువైట్ నుంచి బంగారం తెస్తే, నా కొడుకు కాకుల బొమ్మలు తెచ్చినాడు" అంది అమీనాబీ. అయినా ఆ చలికాలమంతా అతను మైలవరం డ్యాం మీద బాతులనూ, పెన్న ఇసకలో తోకలాడించే జిట్టంగులనూ, గండికోట లోయలో తిరిగే గద్దలనూ తీశాడు. మళ్లీ అన్నం సహించింది.

మార్చిలో, పెన్న అవతల ఒక ఊరి బయట, అతనికి హుద్‌హుద్ గూడు కనబడింది. రోడ్డు మలుపులో పాత బురుజు ఉంది. దాని రాళ్ల సందులో గూడు. రోడ్డుకు ఇవతల కృపావరం పొలం. పిట్ట బెదరకుండా తీయాలంటే ఆ పొలం గట్టున, కంపలో కూర్చుని, రోడ్డు మీదుగా బురుజు వైపు చూడాలి. మూడేళ్ల కిందట ఆ మలుపులోనే ఆ ఊరి సర్పంచి అన్నను, జీపులో వస్తుండగా మాటేసి చంపారు. ఆ శవాన్ని ఫోటో తీసింది హుమాయునే. అన్నీ తెలిసినవాడే, పిట్టను చూసేసరికి ఒక్కటీ గుర్తురాలేదు.

కృపావరం మిషన్ చర్చిలో పాటలు పాడే మనిషి. చదువు వచ్చినవాడు కాబట్టి మొన్నటి ఎలక్షన్‌లో సర్పంచికి పడని పార్టీ వాళ్లు అతన్ని బూత్ ఏజెంటుగా కూర్చోబెట్టారు. అతనికి తెలిసిన రాజకీయం అంతే. కంపలో నక్కి ఉన్న హుమాయున్‌ను చూసి మొదట అదిరిపడ్డాడు. సంగతి తెలిశాక పడీ పడీ నవ్వాడు.

"పిట్ట కోసమాప్పా ఈ తిప్పలు? అట్ల కూచుంటే ముండ్లు గుచ్చుకుంటాయి. ఉండు, నేను కట్టిస్తా."

కొడవలి తెచ్చి కంప కొట్టి, పచ్చని వల కప్పి, కూర్చోవడానికి గోనెసంచి పరిచి, కెమెరా గొట్టానికి కన్నం వదిలి, బ్రహ్మాండమైన మాటు కట్టాడు. మధ్యాహ్నం అతని భార్య దేవకుమారి సంగటీ ఊరుబిండి పచ్చడీ తెచ్చేది. హుమాయున్ దగ్గర కువైట్ ఖర్జూరాలుండేవి. గింజలు అక్కడే ఉమ్మేవారు. రీలు చివరికొచ్చిన రోజు కృపావరం భుజాన కంపకొమ్మ పెట్టుకుని నిలబడ్డాడు.

"పిట్టలకేనా? నన్నొకటి తియ్యప్పా."

"ఒకటే మిగిలింది మామా, నవ్వు."

నవ్వమని చెప్పాల్సిన పనే లేదు ఆ మనిషికి.

తర్వాత హుమాయున్‌కు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. మాటు అట్లాగే ఉండిపోయింది. లేచి బస్టాండుకొచ్చి టీ తాగుతున్న పొద్దున, టీకొట్టు కమాల్ బాషా చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"ఇన్యావా? సర్పంచికి మాటేసినారంట, బురుజు కాడ. సుమో మలుపు తిరిగేతప్పటికి ఏసేదానికి. కన్నం సూటిగా రోడ్డు మీదికే పెట్టినారంట. ఖర్జూరం తింటా కూచున్యారంట కొడుకులు, ఎంత ధీమానో సూడు."

"ఎవురి పొలంలో?"

"కృపావరానిది. ఇంగ వాని పని అయిపాయ."

గ్లాసు కింద పెట్టాడు హుమాయున్. "భాయ్, ఆ మాటు నాది. పిట్ట కోసం."

కమాల్ బాషా నవ్వబోయి, ఆగాడు. "పిట్ట కోసం అని ఎవురికి చెప్తావు? నమ్మేటోడెవుడు? ఫోటోలుంటే సూపీ."

ఫోటోలు రీల్లోనే ఉన్నాయి. కలర్ రీలు కడగాలంటే ప్రొద్దుటూరు ల్యాబుకు పోవాలి. బస్టాండులో రెండు బస్సులు బయల్దేరడానికి ఉన్నాయి, ఒకటి కృపావరం ఊరిదీ ఇంకోటి ప్రొద్దుటూరుదీ. ఊరి బస్సు కండక్టరు చేత కృపావరానికి కబురు పెట్టాడు: మాటు గొడవ పెద్దదైంది, నేను ఫోటోలు తెస్తాండా, అంతవరకూ ఇల్లు కదలొద్దు అని. తను ప్రొద్దుటూరు బస్సెక్కాడు. ఫోటోల కోసం పోయాడన్నది నిజమే. సర్పంచి గడప ఉత్త చేతులతో తొక్కడానికి భయపడ్డాడన్నది కూడా నిజమే. అతను ఒప్పుకోకపోయినా నేను అంటాను.

ల్యాబులో అన్నీ పెళ్లిళ్ల రీళ్లు, ఇతని వంతు మధ్యాహ్నం దాటాక గానీ రాలేదు. బొమ్మలు చేతికొచ్చాయి. పురుగును నోట కరుచుకుని, జుట్టు విప్పి, గూటి ముందు గాలిలో నిలిచిన పిట్ట. రెక్క మీద ఒక్కో పట్టీ లెక్కపెట్టొచ్చు. ముసలాయన కూడా ఇట్లాంటిది తీయలేదు. ఆ సంబరంలో హుమాయున్ కాసేపు కృపావరాన్ని మరిచిపోయాడు. ఆఖరి బొమ్మలో అతనే నవ్వుతూ కనబడ్డాక బస్టాండుకు పరిగెత్తాడు.

సాయంత్రం సర్పంచి ఇంటి ముందు మంచం మీద సర్పంచి, చుట్టూ అతని మనుషులు.  హుమాయున్ బొమ్మల కవరు అందించి, సంగతి చెప్పాడు. సర్పంచి ఒక్కొక్కటే చూశాడు.

"మనూరి పిట్టేనా ఇది?"

"బురుజులోదే అన్నా."

"అయితే వాడు చెప్పింది నిజమే."

వాడంటే కృపావరం. సర్పంచే చెప్పాడు. "పొద్దన వాడే వచ్చినాడప్పా, మేం పిలువకముందే. పిట్ట కోసం అంటాడు, నవ్వుతాడు. ఇంత జరిగినాంక నవ్వుతాండాడంటే మమ్మల్ని ఎర్రోళ్లను చేస్తాండాడు అనుకున్యాం."

కబురు కృపావరానికి సరిగ్గానే అందింది. దేవకుమారి పోవద్దంటే, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది. ఉన్న మాట చెప్పేదానికి ఫోటో ఎందుకే" అని చెప్పులు వేసుకుని తనే బయల్దేరాడు. ఫోటోలు ప్రొద్దుటూరులో తడారుతున్న వేళకు వంక ఇసకలో అతని పని ముగించారు.

సర్పంచి ఆఖరి బొమ్మ దాకా వచ్చాడు. దాన్ని బోర్లించి మంచం మీద పెట్టాడు. "ముందే తెచ్చింటే సరిపోతాండె గదప్పా" అన్నాడు, తప్పంతా బస్సుదే అన్నట్టు. పిట్ట బొమ్మ ఒకటి ఎత్తి చూపించాడు. "ఇది శానా బాగుండాది. పెద్దది చేసి పటం కట్టియ్యి, హాల్లో పెట్టుకుంటా."

మర్నాడు పంచనామాకు స్టూడియో నుంచి ఎవరో వచ్చి ఫోటోలు తీశారు. హుమాయున్ పోలేకపోయాడు. సమాధి అయ్యాక, దేవకుమారి పులివెందులలోని పుట్టింటికి పోయేముందు, నవ్వుతున్న బొమ్మను తీసుకుని ఆమె దగ్గరికి పోయాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. తిట్టలేదు.

"పిట్ట గూటికొచ్చేదాకా దినమంతా కదలకుండా కూచుంటివే అప్పా, అంత ఓర్పు ఉన్నోనివి. మా ఆయప్ప కోసం నేరుగా ఆ ఇంటికి పోలేకపోతివే?"

హుమాయున్ ఏడ్చాడు. ఆమె ముందు తను ఏడవడం కూడా సిగ్గనిపించి, లేచి వచ్చేశాడు.

పటం ఎప్పుడిస్తావని సర్పంచి మనుషులు రెండుసార్లు అడిగి పోయారు. మూడోసారి అడగకముందే హుమాయున్ ప్రొద్దుటూరు పోయి బొమ్మ పెద్దది చేయించి, అద్దం కట్టించి, పాత పేపరు చుట్టి, పట్టపగలు ఆ ఇంటికి తీసుకుపోయాడు. పంచాయితీకి వచ్చిన జనంతో వాకిలి నిండి ఉంది. సర్పంచి సంతోషంగా చేయి చాచాడు. హుమాయున్ పేపరు తనే విప్పి, పటాన్ని గోడకు ఆనించి పెట్టాడు. అందులో పిట్ట లేదు. భుజాన కంపకొమ్మతో కృపావరం నవ్వుతున్నాడు.

"నేనడిగింది పిట్టను గదప్పా" అన్నాడు సర్పంచి, మెల్లగా.

హుమాయున్ గొంతు అందరికీ వినబడింది.

"ఆ మాటు నాది అన్నా. పిట్ట కోసం ఏసుకున్యా. ఈయప్ప నాకు కంప కొట్టిచ్చినాడు, అంతే. ఈయప్పకేం తెలీదు."

 అతను చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చాడు. వెనక ఎవరూ రాలేదు. మలుపు దాకా నడిచాక బురుజు కింద కూలబడ్డాడు. ఆ మాట చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.