వాలు మీద వదిన

మా వదిన పోయిందని బాన్సువాడ బస్సు దిగి వచ్చిన మనిషి రుద్రూర్‌లో మా గడప ముందు నిలబడి చెప్పాడు. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట, “ట్రాక్టర్‌తోని గాదు గదా?” కాదు, జ్వరం ముదిరిందట. ఆ ఇంటి నుంచి ఏ కబురొచ్చినా నాకు ముందు పుట్టేది ఆ భయమే.

అది వదిన నుంచి అబ్బిన భయం. ఆమె పుట్టినూళ్లో చెరకు ట్రాక్టర్ కాలువగట్టు మీంచి బోల్తాపడి, కింద మనిషి నలిగిపోవడం పెళ్లికి ముందే చూసింది. డెబ్బైల చివర మా అన్న ట్రాక్టర్ కొన్నప్పుడు అందరూ చుట్టూ మూగితే, ఆమె దర్వాజ దాటలేదు. గుట్ట వాలులో మా గడ్డి కోయడానికి బండి వెనక బ్లేడు బిగించిన మిస్త్రీని మాత్రం పిలిచి అడిగింది.

“బండి ఒక దిక్కు ఒరిగితే ఏం చెయ్యాలె?”

“స్టీరింగ్ వాలు కిందికి తిప్పాలె అమ్మా. భయానికి చేతులు మీదికే తిప్పుతయి. గట్ల తిప్పితే పల్టీ కొడ్తది.”

అన్న నవ్వాడు. “గింత పిరికిదానివేందే?”

“భయమున్నోడే ఇంటికొస్తడు,” అంది వదిన.

మంచు ఆరందే బండిని వాలెక్కనిచ్చేది కాదు. తడిగడ్డి మీద చక్రం జారుతుందనేది. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. గడ్డిలో గుంతలు వెతుకుతూ, కర్రతో తడుముతూ తనే ముందు నడిచేది.

ఒకసారి నేను పుట్టింటికి వెళ్లినప్పుడు అన్న వాలుకు అడ్డంగా కోస్తున్నాడు. అలా వద్దని వదిన చెబుతూనే ఉంది. ఆమె కర్ర అందని చోట, కింది చక్రం ఏదో బొరియలో దిగబడింది. మీది చక్రం నేల విడిచి గాలిలో తిరుగుతోంది. అన్న మొహంలో నెత్తురు లేదు. చేతులు స్టీరింగ్‌ను మీదికే గుంజుతున్నాయి.

“మీదికి తిప్పకు,” అంది వదిన. అరవలేదు. “కిందికి. నా దిక్కు చూడకు. కిందికే తిప్పు. క్లచ్ తొక్కకు.”

అన్న తిప్పాడు. లేచిన చక్రం ధబ్బుమని నేలను తాకింది. బండి ముక్కు కిందికి పెట్టి గడగడలాడుతూ తిన్నగా దిగి, కింది మడి అంచున ఆగింది.

నేను తిరిగి చూసేసరికి వదిన గడ్డిలో కూలబడి ఉంది. అన్న పైకి పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. ఇద్దరి పళ్లూ టకటకా కొట్టుకుంటున్నాయి.

“మిషన్ బందు వెట్టినవా?” అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఆ వాలును కొడవళ్లతోనే కోయించారు. అన్న మళ్లీ ఎన్నడూ ఆమెను పిరికిదానివి అనలేదు.

మొన్న వదిన దినానికి వెళ్లినప్పుడు అన్న ఇంట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ గుట్ట దగ్గరికి పోయాను. పైనుంచి తండావాళ్లు గడ్డిమోపులు నెత్తికెత్తుకుని దిగుతున్నారు. అన్న కింద నిలబడి, రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి, “మెల్లగ దిగుండ్రి, మెల్లగ,” అంటున్నాడు. ఆఖరి మనిషి కాలు మడిలో పెట్టేదాకా ఆ చేతులు దించలేదు.