ఆపేసిన రిపీటర్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే రుజువేదని అడిగే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

హైటెక్ సిటీలో మా ఆఫీసున్న టవర్ మీద ఒక రిపీటర్ ఉంది. బేస్‌మెంట్‌లో సెక్యూరిటీ వాళ్లు వాకీటాకీలో మాట్లాడితే పైకి వినిపించదు. రిపీటర్ ఆ మాటను అందుకుని, బలం పెంచి, మళ్లీ వదులుతుంది. సొంతంగా ఒక్క ముక్క మాట్లాడదు. అగ్నిప్రమాదం, లిఫ్టు ఆగిపోవడం వంటి అత్యవసరాలకే వాడాలని దాని లైసెన్సులో స్పష్టంగా ఉంది. ఆ లైసెన్సుల పని కొన్నేళ్లు చేసినవాణ్ని, నాకు తెలుసు.

మా దగ్గర దాని మీద నడిచేది వేరు. ఎవరికి చాయ్ పంపాలి, ఏ కారు అడ్డంగా ఉంది, క్రికెట్ స్కోరెంత. మెయింటెనెన్స్ మేనేజర్ నర్సింగరావును అడిగితే, "కాగితం మీద గట్లనే ఉంటది సార్. పని గిట్ల నడుస్తది," అన్నాడు. అక్కడితో ఆగితే వదిలేసేవాణ్నేమో. మర్నాడు లిఫ్టు దగ్గర అందరూ వింటుండగా, "జర జరుగుండ్రి, కంప్లైంట్ సార్ వస్తున్నరు," అన్నాడు. అప్పుడు నవ్వినవాళ్లెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

పైవాళ్లకు ఫిర్యాదు పెట్టాను. ఆ చానల్లో ఎవరు మాట్లాడబోయినా కంట్రోల్ రూం వాళ్లు ముందు "ఎమర్జెన్సీయేనా?" అని అడగాలని నియమం పెట్టారు. నేను సూచించిందే. ఎవరూ పాటించలేదు. మళ్లీ రాశాను. చివరికి రిపీటర్‌నే ఆపేశారు. కరెంటు వైరు పీకి, టెర్రస్ మీద అది ఉన్న గదికి తాళం వేస్తుంటే నేను దగ్గరుండి చూశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, కింది బేస్‌మెంట్‌లో ఉన్న కారు కోసం సర్వీసు లిఫ్టెక్కాను. అట్టడుగుకు చేరకముందే కుదుపుతో ఆగింది. లైటు పోయింది, ఫ్యాను ఆగింది. అలారం మోగలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. నాకు ఉబ్బసం. ఇన్‌హేలర్ పైన ఆఫీసులో, బ్యాగులో ఉంది.

తలుపు బాదాను. అరిచేకొద్దీ ఊపిరి తగ్గింది. ఫోను వెలుగులో కొక్కేనికి వేలాడుతున్న వాకీటాకీ కనబడింది. లిఫ్టు నడిపే అతను అక్కడే పెడతాడు. రిపీటర్ లేకుండా ఆ గోతిలోంచి అది ఎక్కడికీ వినిపించదని నాకు తెలుసు. అయినా నొక్కాను. గరగర కూడా రాలేదు. గోడకు జారి కూర్చున్నాను. పీల్చిన గాలి బయటికి పోవడం లేదు.

కాసేపటికి అందులోంచి ఒక గొంతు వచ్చింది. తొందరేమీ లేని గొంతు.

"ఎమర్జెన్సీయేనా సార్?"

ఔనన్నాను. ఎక్కడున్నానో, ఊపిరాడటం లేదని, ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"ఫికర్ చేయకుండ్రి. చెప్తున్న."

తలుపు తెరిచింది గేటు దగ్గరుండే గార్డు యాదగిరి. అతని చేతిలో నా ఇన్‌హేలర్ ఉంది. సర్వీసు లిఫ్టులో సార్ ఇరుక్కున్నారని, బ్యాగులోని ఇన్‌హేలర్ తీసుకుపొమ్మని వాకీటాకీలో ఎవరో చెప్పారట. ఆ గొంతు ఎవరిదో అతను పోల్చుకోలేదు. ఇన్‌హేలర్ మాట నేను ఎత్తనేలేదు.

ఆ సాయంత్రమే నర్సింగరావును వెంటబెట్టుకుని టెర్రస్ ఎక్కాను. వైరు పీకినచోటే పడి ఉంది. మీద దుమ్ము. మర్నాడు అదే లిఫ్టులో, అదే వాకీటాకీతో పరీక్షించాను. గేటు దగ్గర యాదగిరికి ఏమీ వినబడలేదు. ఆ రోజు వాకీటాకీలో నాతో మాట్లాడామని కంట్రోల్ రూంలో ఎవరూ అనలేదు.

ముందురోజు టెర్రస్ మీద గదికి తాళం వేస్తూ నర్సింగరావు అడిగాడు. "ఇప్పుడేం రాస్తరు సార్? బంద్ ఉన్న రిపీటర్ పనిచేసిందని రాస్తరా?" ఈసారి అతని మాటలో వెటకారం లేదు.

నాకు తెలిసి ఆ రిపీటర్‌ను లైసెన్సులో ఉన్నట్టు వాడింది ఆ ఒక్కసారే. వాడిందెవరో తెలియదు. ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలో తోచకపోవడం నాకు అదే మొదలు.