సాంచెలు ఆగిన రోజు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొదటి ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోలేదు. ఎర్ర బటన్ నేనే నొక్కాను.

ఇంగ్లండ్‌లో నేను దరఖాస్తు పెట్టిన విశ్వవిద్యాలయం వాళ్ళు సీటు ఖాయం చేసే ముందు వీడియోలో పావుగంట మాట్లాడతారు. నిజంగా చదువుకోవడానికే వస్తున్నామా లేదా అని చూస్తారు. నాది కార్మికుల ఆరోగ్యానికి సంబంధించిన కోర్సు. ఆ పావుగంట చెడితే సీటు లేదు.

సూరత్‌లో మాది గోడాదరా. మా రెండు గదులకూ బాపు పనిచేసే కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. గోడ అవతల సాంచెలు, అంటే మరమగ్గాలు, పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. ఆ అదురుకు మా అల్మారాలో గ్లాసులు వాటంతటవే అంచుకు జరుగుతాయి. అమ్మ రోజుకు రెండుసార్లు వాటిని వెనక్కి నెడుతుంది. సాంచెల దగ్గర పనిచేసేవాళ్ళు మాట చెవితో వినరు, పెదాలు చూసి అందుకుంటారు. బాపు నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు అది అబ్బింది. అన్నం తినేటప్పుడు గొంతు లేకుండానే ఉప్పు అడుగుతాం.

కన్సల్టెన్సీ ఆఫీసులో ఒక సార్ అడగబోయే ప్రశ్నలు ముప్ఫై అచ్చు వేసి ఇచ్చాడు. "గభరావాను నహీ, బెన్" అన్నాడు. భయపడొద్దట. నాలుగు పేజీల ఆ కాగితాలు చేతికొచ్చిన రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. జవాబులన్నీ డైరీలో రాసుకున్నాను. రెండు నెలల పాటు రోజూ మధ్యాహ్నం ఆ గోడకు ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పుకున్నాను. పక్కన కూర్చుని చీరల వెనక దారాలు కత్తిరించే అమ్మకు కూడా వినపడేది కాదు. కాలేజీలో హాజరు పలకడానికే గొంతు రాని నేను ఆ గోడ ముందు అరిచేదాన్ని.

ఇంటర్వ్యూకు నిశ్శబ్దమైన గది ఉండాలని వాళ్ళు రాశారు. తేదీ మమ్మల్నే ఎంచుకోమన్నారు. నేను సాంచెలకు వారపు సెలవు ఉన్న రోజు ఎంచుకున్నాను. అంతకంటే తెలివైన పని లేదనుకున్నాను.

ఆ రోజు మూడున్నరకు అమ్మ కత్తెర పక్కన పెట్టేసింది. పక్కింటి వదినతో అప్పటికే చెప్పి ఉంచింది.

"టీవీ బంద్ చేసిన అత్తమ్మా," అంది వదిన తలుపులోంచి. "కుక్కర్ గూడ దించిన. ఇగ నా పెనిమిటి గురక ఒక్కటే నా చేతుల లేదు."

"జర తట్టి లేపరాదే," అంది అమ్మ.

"లేపితే మాట్లాడతడు. గురకనే నయం."

వదిన వెళ్ళిపోయింది. పరదా వెనక పడుకున్న బాపు దగ్గు కూడా ఆపుకున్నాడు. గల్లీ మొత్తం నా కోసం ఊపిరి బిగబట్టినట్టుంది. తెర మీద ఒక నెరిసిన జుట్టు ఆవిడ కనిపించి, నవ్వి, రెండు మామూలు ప్రశ్నలు అడిగింది. తర్వాత, ఇలాంటి కోర్సు మీ దేశంలోనూ ఉంది కదా, ఇక్కడికే ఎందుకు రావాలనుకుంటున్నారు అంది. అది నా కాగితంలో ఏడో ప్రశ్న. నోరు తెరిచాను. మొదటి వాక్యం బయటికి వచ్చింది. ఎవరిదో గొంతులా ఉంది, సన్నగా, అరువు తెచ్చుకున్న మాటలతో. ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదు. రెండు నెలల్లో నా గొంతు నేను వినలేదని అప్పుడే తెలిసింది. వేలు దానంతటదే వెళ్ళి నొక్కింది.

"ఏమన్నది దొరసాని?" అన్నాడు బాపు, పరదా తీసి. చెవులు మందగించినవాడు కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు.

"నెట్ పోయింది బాపూ."

"పోతది. మన గల్లీల ఏది ఉంటది," అన్నాడు. నా మొహం కాసేపు చూసి మళ్ళీ పడుకున్నాడు.

నెట్ పోయిందని వాళ్ళకూ మెయిల్ రాశాను. ఆరు రోజులు జవాబు లేదు. ఆ ఆరు రోజులూ నేను కుదురుగా కూర్చున్నది లేదు. పుస్తకం తీస్తే అదే పేజీ. నీళ్ళు పట్టుకుందామని లేచి మెయిల్ చూసేదాన్ని, మెయిల్ చూద్దామని లేచి గ్లాసులు వెనక్కి నెట్టేదాన్ని. డైరీలో ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ రాశాను: నాకు తలుపున్న గది ఒకటి కావాలి. దాన్ని ఏ జవాబులోనూ పెట్టలేను.

ఏడో రోజు మెయిల్ వచ్చింది. ఈసారి తేదీ వాళ్ళదే, సాంచెలు ఆడే రోజు.

"గా మోతల ఏం వినవడుతది?" అంది అమ్మ. బాపు, కార్ఖానా సేఠ్‌ను అడిగి పావుగంట సాంచెలు ఆపిస్తానన్నాడు.

"వద్దు బాపూ," అన్నాను. మోత ఆగితే మళ్ళీ ఆ అరువు గొంతే నాకు వినపడుతుంది.

రెండోసారీ ఆవిడే. చుట్టూ మోత. అమ్మ కత్తెర ఆడుతూనే ఉంది. ముందుగా, మా ఇంట్లో చప్పుడుకు క్షమించండి అన్నాను. ఆవిడ తల పక్కకు వంచి వింది. ఏ చప్పుడు, నాకు మీ గొంతు తప్ప ఏమీ వినిపించడం లేదే అంది. ఆ ఫోన్‌లో ఏముందో గానీ సాంచెల మోతను మొత్తం వడగట్టేస్తోంది. ఇంట్లో ఎవరికీ వినపడని నా మాట అంత దూరాన ఆవిడ ఒక్కదానికే శుభ్రంగా చేరుతోంది.

మళ్ళీ ఏడో ప్రశ్న అడిగింది. నేను డైరీ మూసేశాను. చెవుల్లో దూది పెట్టుకోమని మరమగ్గాలు నడిపే మా నాన్నకు చాలాసార్లు చెప్పానని అన్నాను. పెట్టుకుంటే సాంచె చప్పుడులో తేడా తెలియదు, పోగు తెగినా పసిగట్టలేను అంటాడాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దానికి జవాబు వెతికే పని మీ దగ్గర నడుస్తోందని చదివాను, అందుకే అన్నాను. ఇంగ్లీషు రెండుచోట్ల తడబడింది. ఆవిడ రాసుకుంది. మరో నాలుగు ప్రశ్నలు అడిగింది. బటన్ ఈసారి ఆవిడే నొక్కింది.

మూడు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, సీటు ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది. అమ్మ దారాల గుట్ట మధ్య నుంచే నా నుదుట ముద్దు పెట్టి, బాపుకు నువ్వే చెప్పిరా పో అంది. కార్ఖానాలో బాపు రెండు సాంచెల మధ్య వంగి తెగిన పోగు అతుకుతున్నాడు. తల ఎత్తేదాకా ఆగాను. సీటొచ్చింది అని పెదాలతో చెప్పాను. ముడి పూర్తయ్యేదాకా ఆయన నవ్వలేదు. తర్వాత చేతులు తుడుచుకుని, గొంతు లేకుండా, నాకు ఒక్కదానికే కనిపించేలా నిదానంగా అన్నాడు:

"అక్కడికి పోయినంక ఆ దినం లెక్క నడుమల కట్ చెయ్యకు బిడ్డా. వీడియోలనే మాట్లాడు, నాకు నీ మూతి కనవడాలె."