గిన్నె నోరు నొక్కిన రోజు

ఒక కంచు గిన్నె ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు తెలుసు, ఆమె నోరెత్తదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. రేపు బజారులో ఎదురై మొహం తిప్పుకోరు. ఇలా జాగ్రత్త చూసుకుని తప్పు ఒప్పుకునేవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి.

ఎనభైల చివరి రోజులు. కొత్తగూడెంలో గనుల ఆఫీసులో గుమస్తాని. చలికాలం రాగానే టిబెట్ వాళ్లు స్వెటర్ల మూటలతో దిగేవారు. వాళ్లలో ఒకామె ఏటా మా ముందుగది కిరాయికి తీసుకునేది. ఒక ఏడు రైల్లో ఆమె మూట పోయింది. ఆ భయంతో, చలి తగ్గి ఊరికి పోతూ తన గిన్నెను మాకు అప్పగించింది. హిమాలయాల అవతలి నుంచి మంచులో నడిచొస్తూ వాళ్ల నాన్న చంకలో పెట్టుకుని తెచ్చుకున్నది అదొక్కటే. చలికాలంలో ఆయన పోయిన రోజున దాన్ని మోగిస్తేనే ఆమెకు తండ్రిని తలుచుకున్నట్టు. చాపిన అరచేతిలో గిన్నె పెట్టి, చెక్కపుల్లను అంచు చుట్టూ రుద్దుతూ తిప్పాలని, వేళ్లు తగిలితే మూగబోతుందని నాకు చూపించి మరీ వెళ్లింది.

భద్రాచలం వెళ్లే చుట్టాలందరికీ మా ఇల్లే మజిలీ. రైలు దిగడం, మా ఇంట్లో తిని పడుకోవడం, పొద్దున్నే బస్సెక్కడం. నన్నెవరూ లెక్కపెట్టేవారు కాదు. ఒకసారి వాళ్ల ముందు గిన్నె మోగించాను. సన్నగా మొదలై గదంతా నిండింది, పుల్ల తీసేశాక కూడా చాలాసేపు ఆగలేదు. కబుర్లు ఆగిపోయాయి. ఎక్కడిదని అడిగారు. హరిద్వారంలో ఒక సాధువు ఇచ్చాడన్నాను. నేను కాజీపేట దాటి ఎరగను. నమ్మేశారు. అలాంటి వాళ్ల మెప్పు కోసమా అంత అబద్ధం? అవును, దానికోసమే. కాలేజీలో చరిత్ర చెప్పే మా బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, తరాల నాటిదని, ఇలాంటిది దొరకడం అరుదని తేల్చాక ఇక నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆమె మూట దించి మా గడప దగ్గర నిలబడేసరికి ఇంటినిండా చుట్టాలు, నా చేతిలో గిన్నె. ఆమె నవ్వింది. నాన్న పోయిన రోజు దగ్గరికొచ్చిందని చెప్పి చెయ్యి చాపింది.

"ఇది నీది కాదు. మీ గిన్నెలన్నీ గిట్లనే ఉంటయి" అన్నాను.

"ఒక్కసారి మోగించు భయ్యా. వింటే తెలుస్తది."

అందరూ నావైపే చూస్తున్నారు. ఐదు వేళ్లూ బిగించి గిన్నెను పట్టుకుని పుల్లతో కొట్టాను. టక్కుమని ఊరుకుంది.

"ఇన్నవా? నీదేనా?"

ఆమె గిన్నెను చూడలేదు. నా వేళ్లను చూసింది.

"కాదు భయ్యా. మా నాయినది మోగుతది."

మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. అంతకుముందు ఆ మోత చెవులారా విన్న మా బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన చదువు అంతవరకే.

ఆమె ఎందుకు అరవలేదు? ఊరుగాని ఊరు, ఇంటినిండా మావాళ్లు, ఆమె మాట ఎవరు వింటారు? ఆ సంగతి నాకు ముందే తెలుసు. కంగారులో జరిగిపోయిందని, మొహం చెల్లక అలా చేశానని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, నా వేళ్లు అంత తాపీగా బిగుసుకున్న తీరు మాత్రం ఆ మాటలకు లొంగదు. తర్వాత ఆమె పినపాక సంతలో కనిపించిందని ఎవరో అన్నారు. బస్సెక్కితే సరిపోయేది. కానీ గిన్నె ఇచ్చేస్తే చుట్టాలకు ఏం చెప్పాలి? వెళ్లలేదు. ఆ ఏడు ఆ తండ్రి కోసం ఏదీ మోగలేదు. ఆమె మళ్లీ కొత్తగూడెం రాలేదు.

ఆ చుట్టాల్లో చాలామంది పోయారు. ఉన్నవాళ్లకు ఆ గిన్నె గుర్తే లేదు. అది మా బీరువాలో ఉంది. ఆమె పేరు కూడా నాకు తెలియదు, స్వెటర్లామె అనేవాళ్లం. క్షమించమని ఎవర్ని అడగను? మిమ్మల్ని అడగను, మీరు తొందరపడి క్షమించకండి కూడా.

చెప్పేశాను. హాయిగానే ఉంది, అదే అసహ్యం. ఆకలి కూడా వేస్తోంది. మా ఆవిడ అన్నానికి పిలుస్తోంది, వెళ్లి తింటాను.