కోసేసిన గీత

సోమవారం పొద్దున హబ్సిగూడలోని మా ల్యాబ్‌కు ఒకామె వచ్చి డార్క్‌రూమ్ తాళంచెవి బెంచీ మీద పెట్టింది. "నాయిన శుక్రారం పోయిండు. ఇది మీదేనట," అంది. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే మా అటెండర్ కూతురు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని మామ అనేవారు. నేను నాలుగేళ్లలో ఏ వరసా పెట్టి పిలవలేదు. "ఇదుగోండి" అని ఫిల్ము పెట్టె చేతికిచ్చేదాన్ని.

నాచారం నుంచి సైకిల్ మీద వచ్చేవారు. మందునీళ్లలో నాని వేళ్ల చివర్లు గోధుమరంగుకు తిరిగాయి. ఎర్రదీపం కింద నేను గాభరా పడుతుంటే, "తొందర మనకే గని దానికుండదమ్మా," అని ఫిల్మును మెల్లగా ఆడించేవారు.

నా పని బాక్టీరియాలోని ఆర్.ఎన్.ఏ. మీద. కణం పొడవాటి ఆర్.ఎన్.ఏ.ను తయారుచేసుకుని, దాన్ని ఎక్కడెక్కడ కత్తిరించుకుంటుందో చూడాలి. ముక్కలు ఫిల్ము మీద నల్లగీతలుగా పడతాయి. పెద్దవి పైన, చిన్నవి అడుగున. నాకు కావలసినవి పైవి. అడుగుభాగం చెత్త అనుకుని కత్తెరతో కోసేసి, మిగతాది నోట్‌బుక్‌లో అంటించేదాన్ని.

ఆయన చూసేవి కోయని ఫిల్ములు. తీగ మీద వరసగా ఆరేసేవారు. అంచున నేను రాసే గుర్తులకు అర్థం ఒకసారి అడిగి తెలుసుకున్నారు: ఆహారం ఇచ్చిన కణాలు, ఇవ్వనివి. ఒకరోజు నన్ను ఆపారు.

"గీ కింది గీత సూసినవా బిడ్డా? ఉపాసమున్న వాటిలనే వస్తది. తిన్నవాటిల లేదు."

అది చెడిపోయిన ఆర్.ఎన్.ఏ. అన్నాను, తలెత్తి చూడకుండానే.

"చెడిపోతే దినానికో తీరుండాలె గద. ఇది జాగ మారుతలేదు."

రెండు వారాలు ఆగి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ చేసి చూశాను. ఆయన చెప్పిందే నిజం. ఆ చిన్న ఆర్.ఎన్.ఏ., తిండి లేనప్పుడు ఇంకో జన్యువు పనిని ఆపుతోంది. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడింది.

మీటింగులో మా గైడ్, నీకు మంచి చూపుందమ్మా అన్నారు. ఆరిన ఫిల్ములు పట్టుకుని అటెండర్ తలుపు దగ్గరే ఉన్నారు. నేను "థాంక్యూ సర్" అన్నాను. నలుగురిలో నోరు పెగలని మనిషిని కాబట్టి చెప్పలేకపోయానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. థాంక్యూ అనడానికి మాత్రం నోరు పెగిలింది. అచ్చయిన పేపరులో కృతజ్ఞతల్లో కూడా ఆయన పేరు లేదు.

ఆ తర్వాత కూడా ఫిల్ములు అంతే శుభ్రంగా కడిగిచ్చారు. వాటిలో ఏముందో మాత్రం ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఆ రోజే కూతురి వెంట నాచారం వెళ్లాను. ఒంటిగది ఇల్లు, చాప మీద ఆయన భార్య. కూతురు ఆమె దగ్గరకు వంగి, "గా గీత కనిపెట్టిన అక్క ఈమెనే. నాయిన చెప్తుండె గదా," అంది. ఇంట్లో ఆయన అలాగే చెప్పారన్నమాట.

"ముందు చూసింది ఆయన. నేను నాదని చెప్పుకున్నాను," అన్నాను.

"గట్టిగ జెప్పు బిడ్డా, నాకు ఇనవడదు."

మళ్లీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి అరిచినట్టే చెప్పాను. గడప బయట చెప్పులు విప్పుతున్నవాళ్లు ఆగి నావైపు చూశారు. ఆమె మాత్రం చెవి వెనక అరచెయ్యి ఆనించి, ఇంకా నావైపే వంగి ఉంది.