సినిమా మీద కొట్లాట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పొద్దున్నే పోయే బస్సులో ఆరేళ్లపాటు మేమిద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. ఆళ్లగడ్డలో ఇద్దరిదీ ఒకే హైస్కూలు. ఆమె సైన్సు చెప్పేది, నేను తెలుగు చెప్తాను. నాకంటే పదేళ్లు పెద్దది. స్కూల్లో మేడం అని పిలిచినా బస్సెక్కితే అక్కా అనేదాన్ని. ఆమె మొదటి వారంలోనే నన్ను పాపా అంది. కొత్తగా చేరిన స్కూల్లో, ఎవరి ముఖమూ సరిగ్గా తెలియని రోజుల్లో, ఆ పిలుపు నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. ఈ మాట ఇప్పుడు రాయడం ఇష్టం లేదు, కానీ అబద్ధం కాదు.

మా మాటలన్నీ సినిమాలూ సీరియళ్లే. ముందురోజు టీవీలో కోడలు ఏం చేసిందో, అత్త దానికేమందో ఆమె బస్టాండులో మొదలుపెడితే శిరివెళ్ల వచ్చేసరికి అయిపోయేది. అక్కడి నుంచి ఆళ్లగడ్డ దాకా నా వంతు. నేను ఫోన్లో సినిమాలు చూస్తాను. వేరే భాషల వెబ్ సిరీస్‌లు కూడా కింద అక్షరాలు చదువుకుంటూ చూస్తాను. ఆమె వాటి కథలు చెప్పించుకుని, చివర్లో "ఇంట్లో అందరితో కూర్చోని చూసేట్లుండాదా, లేదా?" అని అడిగేది. ఆమె దృష్టిలో సినిమాలు ఆ రెండు రకాలే.

మా సీమ మీద తీసిన సినిమాలు వస్తే ఇద్దరికీ పండగ. హీరో మాట్లాడే యాసను ఆమె అచ్చం అలాగే అనుకరించేది. ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు.

"యాడన్నా ఎవురన్నా ఇట్ల మాట్లాడతారా పాపా? మా నాయన బతుకంతా సేద్యం చేసినాడు. కొడవలి గడ్డి కోసేదానికి దప్ప ఎత్తింది ల్యా. వీళ్లేమో మనల్నందరినీ నరికేటోళ్లను చేసి పెట్టినారు."

ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించేదాన్ని. మనది కాని మాటను, మనది కాని బతుకును మన మీద రుద్దితే ఎంత చిరాకో ఆమెకు తెలుసు కదా అనుకునేదాన్ని.

అయితే ఆమె అడిగిన ప్రతిసారీ నేను నిజం చెప్పలేదు. ఒకసారి ఒక కామెడీ సినిమా వచ్చింది. అందులో ఒక పాస్టరు ఉంటాడు. తెల్ల చొక్కా వేసుకుని, గొంతు వణికిస్తూ, కుంటివాడి తల మీద చేయి పెట్టి అరుస్తాడు. వాడు లేచి పరిగెడుతూ పాస్టరు జేబు కొట్టేస్తాడు. ఆమె ఆ సీను చెప్తూ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"నువ్వు చూసినావా? నవ్వొచ్చిందా లేదా?"

"చూసినా అక్కా. బాగా నవ్వినా" అన్నాను.

నేను ఆ సీను దగ్గర సినిమా ఆపేశాను. మా నాయన శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో వారమంతా కూలికీ, కౌలు సేద్యానికీ పోయి ఆదివారం చిన్న చర్చిలో వాక్యం చెప్పేవాడు. దానికి జీతం లేదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా పిలిచేవాళ్లు. పోయి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసి, వచ్చేటప్పుడు నాలుగు మునక్కాయలు పట్టుకొచ్చేవాడు. ఆయన గొంతు ఎప్పుడూ వణకలేదు. పెద్దగా మాట్లాడితే రోగికి ఇబ్బందని చెవి దగ్గర చెప్పినట్టు చెప్పేవాడు. మేము చర్చికి పోతామని అక్కకు తెలుసు, క్రిస్మస్‌కు స్టాఫ్‌రూముకు కేకు తీసుకుపోయేదాన్ని కదా. నాయన గురించి మాత్రం సేద్యం అని చెప్పి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో అప్పుడు నన్ను నేను అడగలేదు.

నేను స్కూల్లో చేరిన నాలుగో ఏడు మా ఇంటి ఓనరు కొడుకు పెళ్లి పెట్టుకుని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. నంద్యాలలోనే ఇల్లు వెతుక్కోవాలి. మా ఆయన ప్రైవేటు కాలేజీలో గుమాస్తా, మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. అక్కవాళ్ల సొంత ఇల్లు మా అమ్మాయి బడికి రెండు వీధుల అవతలే. పై పోర్షను ఖాళీగా ఉందని నాకు తెలుసు. అంతకుముందు ఒక ఆదివారం వాళ్లింటికి పోయినప్పుడు పైకి తీసుకుపోయి చూపించింది కూడా. ఆ రోజు వాళ్ల అత్త నన్ను మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకుని, టీవీలో వస్తున్న సీరియల్ మొదటి నుంచీ చెప్పింది. నేను లేవబోతే చేయి పట్టుకుని, "ఉండు తల్లీ, ఇప్పుడే గదా అసలు కత" అంది.

బస్సులో అడిగాను. అక్క వెంటనే జవాబు చెప్పింది.

"మా మరిది హైదరాబాదు నుంచి వచ్చేస్తాండాడు పాపా. పై పోర్షను వాళ్లకని మా ఆయన ముందే చెప్పినాడు. లేకుంటే నీకు గాక ఎవరికిస్తా?"

నిజమే అనుకున్నాను. ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఇళ్లు చూడటమే. కొందరు గడపలోనే "మీరేమిట్లు?" అని కులం అడిగేశారు. కొందరు ఏ గుడికి పోతారని, ఇంకొందరు వారానికి ఎన్నిసార్లు మాంసం వండుతారని అడిగారు. మేము చెప్పింది విని, ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు. చివరికి ఒక ఓనరు మా ఆయన పేరు విని మేము ఎవరమో తనే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "ఓ, మీరు మావాళ్లే గదా" అన్నాడు. మా ఆయన నా ముఖం చూశాడు. నేను గోడకు కొట్టిన సున్నం చూశాను. ఇద్దరం కాదనలేదు.

ఆ ఇంట్లో దిగేటప్పుడు బైబిళ్లు చీరల అడుగున పెట్టి తెచ్చాను. డిసెంబరులో గుమ్మం ముందు నక్షత్రం కట్టలేదు. అమ్మాయి అడిగితే వైరు కాలిపోయిందన్నాను. అది రంగుకాగితంతో ఒక నక్షత్రం కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అతికించుకుంది. బయట ఎందుకు అతికించలేదని నేను అడగలేదు. పిల్లలకు మనం చెప్పనివి కూడా తెలుస్తాయని ఆ రోజు అర్థమైంది.

ఇది అక్కకు చెప్పలేదు. మేము దిగిన రెండు నెలలకు వాళ్ల పై పోర్షనులోకి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం వచ్చింది. "మరిదికి ట్రాన్స్‌ఫర్ ఆగిపోయె పాపా. అప్పటికే నీకు ఇల్లు దొరికిపోయింది గదా" అంది. దొరికింది నిజమే కాబట్టి, అదీ నమ్మాను.

పోయినేడు ఒక చిన్న సినిమా వచ్చింది. పేరున్న నటులెవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఇస్త్రీ చేస్తూ పెట్టుకున్నాను, కాసేపటికి ఇస్త్రీ పెట్టె ఆపేసి కింద కూర్చున్నాను. కొత్తగా పెళ్లైన జంట టౌనులో అద్దె ఇంటికి తిరుగుతారు. ఎక్కడా దొరక్క, చివరికి వేరే కులం చెప్పుకుని ఒక ఇంట్లో దిగుతారు. ఓనరు భార్య ఆ పిల్లకు జడ వేస్తుంది, పచ్చడి పెట్టిస్తుంది. కొన్నాళ్లకు పిల్ల తల్లి పల్లె నుంచి చూడటానికి వస్తుంది. ఆమె మాట, ఆమె చీర కట్టు చూసి ఓనరుకు అర్థమైపోతుంది. ఎవరూ అరవరు. మరుసటిరోజు కుళాయిలో నీళ్లు రావు, అంతే. వాళ్లు సామాన్లు సర్దుకుని పోతారు. జడ వేసిన ఆమే చెంబుతో పసుపునీళ్లు తెచ్చి గదంతా చల్లుతుంది.

సోమవారం బస్సులో అక్కను బతిమాలినట్టు అడిగాను, తప్పకుండా చూడమని. ఆ సినిమా గురించి ఆమెతో మాట్లాడితే, నేను చెప్పుకోలేనిది కూడా చెప్పుకోవచ్చేమో అనుకున్నాను. గురువారం ఎక్కగానే చూశానంది.

"ఎట్లుండాది అక్కా?"

"ఏముండాది పాపా అందులో? ఓనరును పాపం రాక్షసున్ని చేసి పెట్టినారు. ఆ పసుపునీళ్లు అవసరమా? ఈ కాలంలో యాడ చల్లుతాండారు?"

"అక్కడక్కడ చల్లుతారేమో."

"చల్లనీ. వాళ్ల ఇల్లు, వాళ్ల ఆచారం. నాకు నచ్చంది ఏందంటే, అబద్ధం చెప్పి దిగింది వాళ్లు. మోసం చేసింది వాళ్లు. సినిమా అంతా మాత్రం మనం వాళ్ల కోసం ఏడ్సాలంట. ఈ మధ్య అందరూ ఇవే తీస్తాండారు."

బస్సు అప్పటికి ఊరు దాటింది. నేను ఒడిలో బ్యాగు గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆరేళ్లలో ఏ సినిమా మీదా ఆమె మాటను కాదని ఎరగను. ఆ రోజు నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనూ అట్లనే దిగినా అక్కా, ఇప్పుడుండే ఇంట్లో. మావాళ్లేనని వాళ్లు అనుకున్నారు, మేము కాదని చెప్పలే."

ఆమె నా వైపు తిరిగి నిజంగానే ఓదార్చే గొంతుతో అంది. "నిన్నెవరు అనుమానిస్తారు పాపా? నిన్ను చూస్తే అట్ల కనపడవు."

ఆమె నన్ను మెచ్చుకుంటోంది. నాకు మంచి చేస్తున్నాననే అనుకుంటోంది. అది చూశాకే నాకు ఒళ్లు మండింది.

"ఎట్ల కనపడాల అక్కా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. నేనే మళ్లీ అడిగాను. "మీ మరిది నిజంగా వస్తానన్నాడా?"

శిరివెళ్లలో బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. మళ్లీ కదిలాక, కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"మా అత్త ఉండాది గదా పాపా. పెద్దామె. ఆమె ఉన్నన్నాళ్లు నా చేతుల్లో ఏముండాది? నీ మీద నాకేం లేదు. ఇది మనసులో పెట్టుకోవాకు."

చేయి పట్టుకుని సీరియల్ కథ చెప్పిన ఆ ముసలామె గుర్తొచ్చింది. నేనెవరో ఆమెకు అప్పుడు తెలుసా? తెలిసీ పట్టుకుందా? అసలు ఆమెను ఎవరైనా అడిగారా, లేక అడక్కుండానే ఆమె పేరు చెప్పేశారా? ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

తర్వాత కొన్నాళ్లు అదే సీట్లో కూర్చున్నాం. పరీక్ష పేపర్ల గురించి, హాజరు ఫోన్లో ఎక్కించడం గురించి మాట్లాడుకున్నాం. ఆమె సీరియల్ మొదలుపెడితే నేను ఊ కొట్టడం మానేశాను. ఒకరోజు ఆమె ముందు సీట్లో, చాగలమర్రి పోయే ఒక నర్సు పక్కన కూర్చుంది. అప్పటి నుంచి అదే ఆమె సీటు. వెనక కూర్చున్న నాకు వినపడేది, కోడలు ఏం చేసింది, అత్త ఏమంది.

స్టాఫ్‌రూములో ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. లెక్కల సారు మాత్రం ఒక మధ్యాహ్నం క్యారియరు విప్పుతూ అడిగాడు.

"ఏందీ మేడం, మీ ఇద్దరూ సినిమా మీద కొట్లాడుకున్నారంట? సినిమాకు ఇంత పట్టింపేంది?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆమె కూడా అక్కడే ఉంది, నోట్సులు దిద్దుతోంది. తలెత్తలేదు. నేను చెప్పాల్సింది చాలా ఉంది. ఇల్లు గురించి, నాయన గురించి, బీరువా తలుపుకు అతికించిన కాగితం గురించి. అక్కడ అవి చెప్తే రేపటికి అవి కూడా ఎవరో చూసిన సినిమా కథలా మారిపోతాయి, దాని మీదా తలా ఒక అభిప్రాయం చెప్తారు.

"అవును సార్, సినిమా మీదనే" అన్నాను.

ఈ ఏడు బదిలీల్లో ఆమెకు నంద్యాల వచ్చింది. ఆఖరి రోజు శాలువా కప్పి, పళ్లు పెట్టి వీడ్కోలు సభ చేశారు. హెడ్మాస్టరుకు మా సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. మేడంకు బాగా దగ్గరివారంటూ మైకు నాకిచ్చాడు. తెలుగు టీచర్ని, మాటలు దొరకవని చెప్పడానికి లేదు. ఓపిక, పిల్లల మీద ప్రేమ, కొత్తవాళ్లను కలుపుకుపోయే గుణం అంటూ మూడు నిమిషాలు మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక ఆమె వరండాలో నా దగ్గరికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"బాగా మాట్లాడినావు పాపా. నీ మనసులో ఏమీ లేదని నాకు తెలుసు."

ఉందని చెప్పాలనుకున్నాను. ఆరేళ్లు ఆమెకు నచ్చే జవాబులే చెప్పిన అలవాటు అంత తొందరగా పోదు. "జాగ్రత్త అక్కా" అని మాత్రం అన్నాను. ఆమె వాళ్లాయన తెచ్చిన కారులో సామాన్లు పెట్టించుకుని, అందరికీ చేయి ఊపి వెళ్లింది. నాకు ఎనిమిదో తరగతిలో పీరియడు ఉంది, పోయాను.