సొరుగులో ఉండిపోయిన చీటీ

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, జగదల్‌పూర్‌లో ఒక హైస్కూలు లైబ్రరీ నా చేతి కింద ఉండేది. కోంటాలో దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, బేరం చేతగాక పుస్తకాల్లో పడ్డవాణ్ణి. నా చెయ్యి మహా దురుసు. పేజీ మూల మడిచాడని ఒకడి వేళ్ల మీద రూళ్లకర్ర విరిగేదాకా కొట్టాను. "పుస్తకంలో చూడకుండా మాట్లాడితే నాలుక కోస్తా" అన్నది నా ఊతపదం. చెప్పుకోవడానికి సిగ్గే. కానీ పిల్లలు నా దగ్గర వెతకడం నేర్చుకున్నారు.

అడవి చట్టాల పుస్తకం కూడా నా దగ్గరే ఉండేది. రూలు మారినప్పుడల్లా దర్బారు నుంచి ఒక అచ్చు చీటీ వచ్చేది. పాత వాక్యం మీద దాన్ని గంజితో అతికించాలి. వానాకాలంలో గంజి పూస్తే పుస్తకానికి పురుగు పడుతుంది. అందుకని చీటీలన్నీ సొరుగులో పడేసి, దసరా వెళ్లాక ఒక్కసారే అతికించేవాణ్ణి. ఏళ్ల తరబడి అదే పద్ధతి, ఎవరూ తప్పనలేదు.

ఒక ఏడు దసరా సెలవులకు ముందు పై తరగతి కుర్రాడొకడు వచ్చాడు. ఉసూర్ దిక్కు దోర్ల తెగ రైతు కొడుకు, ఆలస్యంగా బడికొచ్చి ఇరవయ్యేళ్లు నిండినవాడు.

"సారూ, గుట్ట మీద ఎదురు బొంగులు కొడితే జైల్ల ఏస్తనని జంగిల్ గార్డు మా నాయనను బెదిరిస్తుండు. గుట్ట మాదేనాయె. రూలు ఏడ రాసుందో జర చూపియ్యిండ్రి."

"నేనెందుకు చూపియ్యాలెరా? నువ్వే దేవులాడు."

రెండు రోజులు కూర్చుని పట్టాడు. ఇంటి వాడకానికి ఊరివాళ్లు ఆ గుట్ట మీద వెదురు కొట్టుకోవచ్చని ఉంది. నకలు రాసుకున్నాడు. నేను అక్షరమక్షరం సరిచూసి లైబ్రరీ ముద్ర కొట్టి, శభాష్ అని వీపు చరిచాను. నా శిష్యుడు చట్టాన్నే పట్టుకున్నాడని ఎంత మురిసిపోయానో! సొరుగు తెరవాలని మాత్రం తోచలేదు.

సెలవులయ్యాక వాడు లైబ్రరీకి వస్తూనే నా చెంప పగలగొట్టాడు. జుట్టు పట్టి లేపి అద్దాల బీరువాకేసి కొట్టాడు. గాజు పగిలి నుదుట్లో దిగింది.

"నీ ముద్ర చూపెట్టిండు సారూ మా నాయన! కాయితముంది, కొడత అన్నడు. జంగిల్ గార్డులు ఆ కాయితం నోట్ల కుక్కిండ్రు. రెండు చేతులు బండ మీద పెట్టించి, బందూకు మడిమెతోని ఒక్కొక్క ఏలు చితగ్గొట్టిండ్రు. రూలు మారిందంట! ఏంది సారూ ఇది?"

సొరుగు తెరిచాను. పైనుంచి మూడో చీటీ. ఆ గుట్ట మీద ఇకపై ఎవరూ గొడ్డలి పెట్టకూడదని ఉంది. అది చదివి వాడు నేల మీద కూలబడి ఏడ్చాడు.

"నాయన ఠాణా హవాలాత్‌ల ఉన్నడు. పుస్తకంల పాతదే ఉండెనని కచేరిల ఒక్క మాట చెప్పు సారూ, ఇడిసిపెడతరు."

చెబుతానని మా అమ్మ మీద ఒట్టేశాను. వాడు వెళ్లగానే గంజి కాచి చీటీ అతికించాను. ఛీ, నా బతుకు చెడ! ఉద్యోగం పోతుందని భయం, అంతే.

కచేరీలో అంతా హిందీ. రక్తం మరకలున్న ఆ నకలు చూపించి, ఇది నీ ముద్రేనా అని అడిగారు. నాదేనన్నాను. చీటీ వచ్చిన రోజే అతికించాననీ, కుర్రాడు దాన్ని లేపి తనకు కావలసిన పాత వాక్యం రాసుకున్నాడనీ, చదవకుండా ముద్ర కొట్టడమే నా తప్పనీ చెప్పాను. ముసలాయనకు ఏడాది జైలు వేశారు. కొడుకును బడి నుంచి తీసేయమన్నారు.

ఆయనకు హిందీ ముక్క రాదు. సిపాయిలు బయటికి తీసుకొస్తుంటే, గుడ్డలు చుట్టిన చేతులతో నా ముందు ఆగి, లోపల అంతా విన్న కొడుకును అడిగాడు.

"సారు మన దిక్కే చెప్పిండా బిడ్డా?"

వాడు నా కళ్లలోకి చూశాడు. పిడికిళ్లు బిగించాడు. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

"చెప్పిండు నాయనా."

ముసలాయన నాకు దండం పెట్టబోయాడు. ఆ చేతులు ఒకదాంతో ఒకటి కలవలేదు.